కొరీన్ కార్డుల పెట్టె

జూలై ఆఖరి ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మా అక్క జట్టును మిగిలిన అయిదుగురూ పంచుకోవాలని నిర్ణయించుకున్నారు. ఆ సంగతి ఆర్విల్ డెట్‌మన్ ఫోన్ చేసి చెప్పాడు. హోంవర్కు చేయని పిల్లవాడు మాట్లాడే గొంతుతో చెప్పాడు.

"మీరు రానక్కర్లేదు టీచరమ్మా. పెట్టె పంపిస్తే చాలు."

పెట్టె నేనే తెస్తానన్నాను.

అది బూట్ల పెట్టె. అందులో పద్నాలుగు అట్ట కార్డులు. ఒక్కో కార్డు మీద ఒక్కో బేస్‌బాల్ ఆటగాడి పేరు, మా అక్క కొరీన్ చేతివ్రాతలో ఉంటుంది. 1994లో ఆటగాళ్ల సమ్మె వల్ల ఆగస్టులోనే ఆటలు ఆగిపోయినప్పుడు, షెబాయ్‌గన్ ఊళ్లో ఆర్విల్ గరాజ్‌లో తోచక కూర్చున్న ఆరుగురు మొదలుపెట్టిన లీగ్ ఇది. నిజమైన ఆటగాళ్లతో తలా ఒక జట్టు కట్టుకుంటారు. మైదానంలో వాళ్లు ఆడినదాన్ని బట్టి గరాజ్‌లో వీళ్లకు పాయింట్లు. ఆ ఆరుగురిలో ఆడమనిషి మా అక్క ఒక్కతే. ఆమె పక్కన, బల్ల చివర కూర్చుని ఆరు జట్ల పాయింట్లూ కూడి పుస్తకంలో రాసేది నేను. ఏ జట్టూ నాది కాదు. ముప్పై ఒక్క ఏళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పాను కనుక, ఆదివారం పూట మరికొన్ని కూడికలు నాకు బరువనిపించలేదు.

కొరీన్ మే తొమ్మిదిన పోయింది. దాని గురించి ఇంతకంటే రాయను.

లీగ్‌లో ఆటగాళ్లను మార్చుకోవడానికి ఏటా జూలై ఆఖరి ఆదివారమే గడువు. అగ్నిమాపక కేంద్రం సైరన్ పన్నెండింటికి మోగుతుంది. ఆ తర్వాత ఏ మార్పిడీ చెల్లదు. మార్పిడికి పద్ధతి ఒకటుంది. ఇద్దరూ తమ కార్డులు బల్ల మీద పెట్టాలి. ఎదుటివారి కార్డు తీసుకుని, వెనక్కి తిప్పి, పాత యజమాని పొడి అక్షరాల కింద తమ పొడి అక్షరాలు, తేదీ వేయాలి. అంతవరకు అన్న మాటలు, పెట్టిన ఒట్లు ఏవీ లెక్కలోకి రావు. యజమానులు తప్ప మరెవరూ కార్డు మార్చకూడదు. యజమాని వెళ్లిపోతే ఆ జట్టును మిగిలినవాళ్లు పంచుకుంటారు. పట్టికలో అందరికంటే కింద ఉన్నవాడు మొదట ఎంచుకుంటాడు. ఈ నియమాలు చెప్పింది ఆర్విల్. రాసింది నేను.

పదిన్నరకు నేను వెళ్లేసరికి గరాజ్ తలుపు ఎత్తి ఉంది. బొగ్గుల మీద సాసేజీలు చిటపటమంటున్నాయి. అప్పటికే గొడవ మొదలైంది.

"ఒరేయ్ పావ్, ఆ కుడిచేతి పిచ్చర్‌ని ఇస్తావా ఇవ్వవా?" అంటున్నాడు లీరాయ్ వాండర్‌కిన్. కుళాయిల ఫ్యాక్టరీలో నలభై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. యంత్రాల హోరు మీద మాట్లాడిన గొంతు, ఇప్పటికీ తగ్గలేదు.

"ఇస్తాను. నీ సెంటర్ ఫీల్డర్‌ని ఇయ్యి," అన్నాడు పావ్ షోంగ్. ఒకప్పుడు నా తరగతిలో రెండో బెంచీ. ఇప్పుడు తనకే ఇద్దరు పిల్లలు.

"నా ఇల్లు రాసిస్తాను గానీ సెంటర్ ఫీల్డర్‌ని ఇవ్వను."

"నీ ఇంటి కప్పు కారుతుంది. నాకొద్దు."

మిగతా ఇద్దరు యజమానులతో సహా అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వు ఆపేశారు. ఆర్విల్ లేచి కుర్చీ జరిపాడు. బల్ల చివర నా కుర్చీయే. పక్కన కొరీన్ కుర్చీ లేదు. ఎవరో ముందే మడిచి గోడకు ఆనించారు.

పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"పంచడానికి ముందు ఒక మాట. ఈ జట్టును నేను నడుపుతాను," అన్నాను.

ఆర్విల్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "టీచరమ్మా, రూలు మీకు తెలుసు. కావాలంటే వచ్చే వసంతంలో కొత్తగా చేరండి. ఎవరికీ చెందని ఆటగాళ్లతో మొదలుపెట్టండి. సంతోషంగా చేర్చుకుంటాం."

"ఖాళీ పెట్టెతోనా?"

"అందరం అలాగే మొదలుపెట్టాం కదా."

"నాకు కావలసింది ఈ పెట్టె."

"లెక్కలు రాయడం వేరు, బేరం చేయడం వేరు టీచరమ్మా," అన్నాడు లీరాయ్. మంచిగానే అన్నాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "కొరీన్ అంటే రాక్షసి. నా దగ్గర్నుంచి మూడు కప్పులు లాక్కుంది. మీరు మెత్తని మనిషి. ఈ ముఠాలో మిమ్మల్ని నమిలేస్తాం."

నేను పెట్టె తెరిచి పద్నాలుగు కార్డులనూ బల్ల మీద వరుసగా పరిచాను. దారియో కింటెరో కార్డు లీరాయ్ మోచేతి పక్కన పడింది. పొరపాటున పడింది కాదు.

కింటెరో ఎడమచేతి పిచ్చర్, అంటే ఎడమచేత్తో బంతి విసిరేవాడు. ఆ కార్డును కొరీన్ ఏప్రిల్‌లో పడక మీద ఒరిగి రాసింది. అక్షరాలు కుడివైపు కిందికి జారిపోయాయి. ఆమె రాసిన చివరి కార్డు అదే.

వాళ్లు ఆ కార్డులను చూసి, నేను అక్కడ లేనట్టే మాట్లాడుకున్నారు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు సామాన్ల గురించి మాట్లాడుకున్నట్టు.

"కింటెరోకి ముప్పై నాలుగేళ్లు. మోచెయ్యి రెండుసార్లు కోశారు," అన్నాడు పావ్ ఫోన్ చూస్తూ. "బంతి వేగం కూడా తగ్గింది."

"వేగం నీ ఫోన్‌లో తగ్గిందిరా. బ్యాటు పట్టుకుని ఎదురుగా నిలబడ్డవాణ్ణి అడుగు," అన్నాడు లీరాయ్. "గత ఆరు ఆటల్లో తొమ్మిది పరుగులిచ్చాడు. తొమ్మిదే!"

"అందులో రెండు ఆటలు ఎవరి మీదో చూశావా? వాళ్ల మీద మా అమ్మ వేసినా అంతే ఇస్తుంది."

"అయితే మీ అమ్మ కార్డు ఇయ్యి. నీ జట్టు బాగుపడుతుంది."

"ఇంత పనికిరానివాడైతే నీకెందుకురా?" అని ఆర్విల్ పావ్‌ను అడిగాడు.

పావ్ నా వైపు చూసి గొంతు తగ్గించాడు. "మొదటి ఎంపిక నాది కదా. కింటెరోనే తీసుకుంటాను. ఏమీ అనుకోకండి టీచర్."

ఆ మాటతో లీరాయ్ నమలడం ఆపాడు. అతని పెదవులు కదులుతున్నాయి. ఏం లెక్క వేస్తున్నాడో నాకు తెలుసు, ఎందుకంటే పుస్తకం నా దగ్గరే ఉంది. ఆర్విల్ మొదటి స్థానంలో ఉన్నాడు. పదకొండు పాయింట్ల తేడాతో వెనక లీరాయ్. పంపకంలో లీరాయ్ వంతు వచ్చేది నాలుగోసారి. అతని జట్టులో పనికొచ్చే ఎడమచేతి పిచ్చర్ ఒక్కడూ లేడు. కింటెరో వస్తే కప్పు రావచ్చు. రాకపోతే ఆర్విల్ వరసగా మూడో ఏడు కూడా ఆ కప్పులో పెన్సిళ్లు పెట్టుకుంటాడు.

పదకొండూ యాభైకి లీరాయ్ కుర్చీ నా వైపు జరిగింది.

"టీచరమ్మా. పంపకం పన్నెండింటికి కదా. ఈలోపు కింటెరోని నాకు ఇచ్చి ఇంకొకణ్ణి పెట్టెలో వేసుకుంటే ఎవరికి నష్టం? పద్నాలుగు కార్డులు పద్నాలుగే ఉంటాయి."

"ఇది అన్యాయం!" అన్నాడు పావ్. "మొదటి ఎంపిక నాది!"

"నోర్మూసుకో. సైరన్ మోగిందా? మోగేదాకా మార్పిడి మార్పిడే. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి."

పావ్ ఏదో అనబోయి నా ముఖం చూశాడు. నాలుగో తరగతిలో కూడా అంతే, జవాబు తెలిసిన క్షణం వాడి చెవులు ఎర్రబడేవి. ఇప్పుడూ ఎర్రబడ్డాయి. వాడు నోరు మూసుకున్నాడు.

"ఏమిస్తారు?" అని అడిగాను.

"నా ఫస్ట్ బేస్‌మన్‌ని తీసుకోండి. పందొమ్మిది హోమ్ రన్లు."

"వద్దు. ఓకీఫ్‌ని ఇవ్వండి."

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. బ్రాంట్ ఓకీఫ్ షార్ట్‌స్టాప్, రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య బంతి ఆపేవాడు, ఇరవై రెండేళ్లవాడు.

"వాడి సగటు వెయ్యికి రెండువందల పదకొండే టీచరమ్మా! మొన్ననే కింది లీగుకు పంపారు."

"తెలుసు."

"ఈ ఏడాదికి వాడు సున్నా. బాగుపడితే గిడితే వచ్చే ఏడాదే."

"అదీ తెలుసు."

"మరి మీకు వచ్చే ఏడాది ఎక్కడిది?"

నవ్వులు ఆగాయి. బొగ్గుల మీద కొవ్వు పడి చుర్రుమంది. లీరాయ్ తన చేతుల వైపు చూసుకున్నాడు. "నా ఉద్దేశం అది కాదు," అన్నాడు.

"అదేమైనా నేను చూసుకుంటాను. కార్డు పెడతారా?"

ఓకీఫ్‌ను నేను గుడ్డిగా అడగలేదు. టీవీలో చూసే ప్రతి ఆటనూ నేను గడుల కాగితాల మీద పెన్సిల్‌తో రాసుకుంటాను. బంతిని గట్టిగా కొడితే లావు గీత, మెత్తగా కొడితే సన్న గీత. ఓకీఫ్ అవుటైన గడుల నిండా లావు గీతలే. కొట్టిన ప్రతి బంతీ తిన్నగా ఎవరి చేతుల్లోకో పోయింది. ఏప్రిల్‌లో కొరీన్ ఆ పేజీలు తిప్పి, వేలు పెట్టి చూపించింది. "చూడవే, ఈ పిల్లాడికి అదృష్టం లేదు గానీ చేతనవును. లీరాయ్ విసిగిపోయేదాకా ఆగి, అప్పుడు అడుగు, మార్లిస్." ఆ తర్వాత మంచినీళ్లడిగింది.

లీరాయ్ ఓకీఫ్ కార్డును బల్ల మీద పెట్టాడు. నేను కింటెరో కార్డును అతని ముందుకు జరిపాను. అది నా వేళ్లకు ఆనుకుని ఉండగానే అతను లాక్కున్నాడు. వెనక్కి తిప్పి కొరీన్ పొడి అక్షరాల కింద తనవి గీకాడు. అతని బొటనవేలికి ఆవ ముద్ద అంటుకుని ఉంది. కార్డు మూల పసుపుపచ్చ ముద్ర పడింది. కాసేపు ఆ ముద్రనే చూశాను.

తర్వాత ఓకీఫ్ కార్డు తిప్పాను. లీరాయ్ అక్షరాల కింద ఎం.హెచ్. అని, పక్కన తేదీ వేశాను. తరగతిలో బోర్డు మీద రాసేంత స్పష్టంగా రాశాను. బల్ల మీద మిగిలిన పదమూడు కార్డులనూ పెట్టెలో సర్దాను.

మూడు నిమిషాల తర్వాత సైరన్ మోగింది. అది ఆగగానే ఆర్విల్ పెట్టె కోసం చెయ్యి చాపాడు. నేను పెట్టె మీద అరచెయ్యి పెట్టాను.

"ముందు ఈ కార్డు చూడండి," అని ఓకీఫ్ కార్డు అతనికిచ్చాను. "ఇప్పుడు లీరాయ్ దగ్గరున్నది కూడా."

ఆర్విల్ రెండింటినీ తిప్పి చూశాడు. మళ్లీ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"యజమానులు తప్ప మరెవరూ కార్డు మార్చకూడదు," అన్నాను. "లీరాయ్ నాతో మార్చుకున్నారు. సంతకం పెట్టారు. మీ అందరి ముందూ పెట్టారు. నేను యజమానిని కాకపోతే ఆ మార్పిడి చెల్లదు. కింటెరో పెట్టెలోకి రావాలి."

"వస్తే మొదటి ఎంపిక నాది," అన్నాడు పావ్, గోడ వైపు చూస్తూ.

లీరాయ్ కింటెరో కార్డును ఆర్విల్ చేతిలోంచి లాక్కుని, చొక్కా జేబులో పెట్టుకుని పైన చెయ్యి వేశాడు. అతని ముఖం మీద లెక్క మెల్లగా తేలింది. బల్ల మీద గుద్దాడు.

"ఆమె యజమానే! ఎవడు కాదన్నాడు?"

"నువ్వే కదరా, పొద్దున్నుంచీ!" అన్నాడు పావ్.

"పొద్దున ఆకలిమీద ఉన్నాను. ఆకలిమీద అన్నవి పట్టించుకుంటారా? ఆర్విల్, ముప్పై ఏళ్లుగా ఇక్కడ కూర్చున్న మనిషి యజమాని కాకపోతే ఇంకెవరు?"

ఆర్విల్ నవ్వలేదు. అతని చిక్కు నాకు తెలుసు. మార్పిడి చెల్లితే అతని పదకొండు పాయింట్లు వారాల్లో కరిగిపోతాయి. చెల్లదంటే కప్పు అతనిదే. ఆ రెండోది అనడానికి రూలు కూడా అతని పక్షానే ఉంది.

"రద్దు చేసే అధికారం మీకుంది," అన్నాను. "చేయండి. ఈ ఏడాది మీరు గెలిస్తే ఎలా గెలిచారో ఈ పుస్తకంలో రాస్తాను. నేను రాసేది చదవడానికి వీలుగా ఉంటుందని మీకు తెలుసు."

గొంతు పెంచలేదు. తరగతిలో కూడా ఎప్పుడూ పెంచలేదు. కానీ రద్దు చేస్తే మిగిలిన పదమూడు కార్డులూ, లీరాయ్ జేబులో ఉన్నదీ, అయిదు ఇళ్లకు పోతాయి. నేను నా చేతులతో చివరి కార్డు ఇచ్చేసినదాన్నవుతాను.

ఆర్విల్ ఓకీఫ్ కార్డును చాలాసేపు పట్టుకున్నాడు.

"కొరీన్ అయితే కనీసం ఫస్ట్ బేస్‌మన్‌ని కూడా కలిపి లాగేది," అన్నాడు చివరికి.

"ఆమె వేరు. నేను నాకు కావలసినదే అడిగాను."

అతను కార్డును పెట్టెలో వేసి, మూత పెట్టి, నా ముందుకు తోశాడు. "సంతకాలున్నాయి. చెల్లింది. సాసేజీలు మాడిపోతున్నాయి, ఎవరైనా చూడండ్రా."

పావ్ లేచి సాసేజీలు తిప్పాడు. తిరిగి వస్తూ గోడకు ఆనించిన కుర్చీని విప్పి బల్ల పక్కన వేశాడు. యజమానులు కూర్చునే చోటు అది. నేను బల్ల చివర నుంచి లేచి అందులో కూర్చున్నాను. పుస్తకం కూడా వెంట తెచ్చుకున్నాను. లెక్కలు ఎలాగూ నేనే వేయాలి.

ఆ వారం పాయింట్లకు కూడిక వేశాను. మూడో వరుసలో పేరు రాయవలసిన చోట కొంచెం సేపు ఆగాను. ఎవరూ తొందరపెట్టలేదు. పైవారాల్లో ఉన్న కొరీన్ పేరు అలాగే ఉంది. దాని కింద గడిలో నా పేరు రాశాను.

లీరాయ్ రొట్టెలో సాసేజీ పెట్టి నా పళ్లెంలో వేశాడు. "టీచరమ్మా, ఆ ఓకీఫ్ వచ్చే ఏడాది కూడా రెండువందల పదకొండే కొడితే పడి పడి నవ్వుతాను, చూస్తూ ఉండండి."

"నవ్వండి. ఈ కుర్చీలోనే ఉంటాను," అన్నాను.