బీరువాలోని బీపీ మెషీన్

నేను ఒక పాదరసం బీపీ మెషీన్ని. పొడవాటి ఇనుప పెట్టె, అందులో నిలువుగా గాజు గొట్టం, చేతికి చుట్టే బట్ట పట్టీ, గాలి కొట్టే రబ్బరు బుడ్డి. ఇంతే నా ఒళ్ళు. ఏ కార్ఖానాలో పుట్టానో గుర్తు లేదు కానీ, నన్ను ఏలుకున్న మనిషి మాత్రం బాగా గుర్తు. గుట్టలగూడెం ఆరోగ్య ఉపకేంద్రంలో నర్సు స్వరూప. నన్నెంత భద్రంగా చూసుకుందంటే, వచ్చిన రోజే బీరువాలో పెట్టి తాళం వేసింది. ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. రెండేళ్ళు నా ముఖాన వెలుతురు పడలేదు.

ఆమెది బద్ధకం అనుకునేరు, కాదు. పక్క ఊరి నర్సు చేతిలో నాలాంటిదే ఒకటి పగిలితే, పై ఆఫీసు మెమో ఇచ్చి ఆర్నెల్లు విచారణల చుట్టూ తిప్పింది. ఇక నన్ను ముట్టుకునే ధైర్యం ఎవరికుంటుంది? రిజిస్టరులో ప్రతి గర్భిణి పేరు పక్కనా నూటయిరవై బై ఎనభై అని రాసేసేది. ఈ మనుషులు భలేవాళ్ళు. మెషీన్‌ను కాపాడుకోవడానికి, అది చేయాల్సిన పనే మానిపించారు.

అలాంటి రోజుల్లో డాక్టర్ హైమావతి వచ్చింది. గర్భిణుల ఆరోగ్యం మీద పరిశోధన చేస్తూ నలభై ఉపకేంద్రాల రిజిస్టర్లు తిరగేసిందట. వెయ్యిమందికి పైగా ఆడవాళ్ళు, దాదాపు అందరి బీపీ ఒక్కటే. ఇంతమంది రక్తం ఒక్క మాట మీద ఎలా నిలబడిందో చూద్దామని ఎండలో బస్సెక్కి వచ్చింది. మా రిజిస్టరు చూస్తూ ఒక పేరు దగ్గర ఆగింది. స్వరూప, ఏడో నెల, నూటయిరవై బై ఎనభై. తలెత్తి చూస్తే ఆ నర్సు స్వరూపే ఎదురుగా, ఉబ్బిన పాదాలతో, కణతలు నొక్కుకుంటూ నిలబడి ఉంది.

"నీ బీపీ ఎవరు చూశారమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఎవ్వరు చూడలే మేడం. మెషీన్ పలిగితే మెమో ఇస్తరని బయటికే తియ్యలే. తలనొప్పి ఎండకనుకున్న."

డాక్టరమ్మ తాళంచెవి అడిగి నన్ను బయటికి తీసింది. స్వరూపను కుర్చీలో కాసేపు కుదురుగా కూర్చోబెట్టి పట్టీ చుట్టింది. అదే నా మొదటి పని. గాలి వదులుతుంటే నా పాదరసం ఇంకా నూట డెబ్బై దగ్గర ఉండగానే నాడి చప్పుడు మొదలైంది. రెండోసారి చూసినా అంతే. ఇంకొన్ని రోజులు ఆగితే ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డా ఇద్దరూ పోయేవారు. నాకు నిజంగా భయం వేసింది. గంటలో జీపు తెప్పించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. దారంతా నేను డాక్టరమ్మ ఒళ్ళోనే ఉన్నాను. పదకొండో రోజున రెండు కిలోలు కూడా లేని ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమంగా ఇంటికొచ్చారు.

తర్వాత డాక్టరమ్మ పరిశోధన వ్యాసం రాసింది. నర్సుల నిర్లక్ష్యం అని పేరు పెట్టమని పెద్దవాళ్ళు సలహా ఇచ్చారట. ఆమె ఒప్పుకోలేదు. పగిలితే శిక్ష ఉన్నంతకాలం ఏ మెషీనూ బీరువా దాటదని లెక్కలతో చూపించింది. అచ్చుకు పంపేముందు స్వరూపకు తెలుగులో చదివి వినిపించి, అనుమతి అడిగింది. మూడేళ్ళకు, పగిలితే విచారణ లేదు, వారంలో ఇంకొకటి పంపాలి అని జిల్లాకు ఉత్తర్వు వచ్చింది. ఆ వ్యాసాన్ని వేరే దేశాల్లోనూ చదివి పాఠంగా చెబుతున్నారని విన్నాను. నేను చదవలేదు. నా చదువు మూడొందల దాకా అంకెలే.

ఆ తర్వాత పదిహేనేళ్ళు ఎన్ని చేతులకు చుట్టుకున్నానో చెప్పలేను. కిందటి నెల ఒక అమ్మాయి, బస్సు హారన్ విని, పట్టీ విప్పకుండానే లేచింది. నేను బల్ల మీంచి పడ్డాను. గొట్టం పగిలింది. పాదరసం గచ్చు మీద పూసల్లా దొర్లింది. స్వరూప అందరినీ దూరం జరగమని, ఆ పూసల్ని అట్టముక్కతో సీసాలోకి ఎత్తింది. ఇప్పుడు స్టోరుగదిలో పాత ఫైళ్ళ పక్కన పడి ఉన్నాను. ఒంట్లో పాదరసం లేదు, పని లేదు. అయినా దిగులు లేదు.

ఎందుకంటే నన్ను మూలన పెట్టకముందే స్వరూప కుర్చీలో కూర్చుని, రిజిస్టరు తెరిచి, ఆ అమ్మాయి పేరు పక్కన ఇలా రాయడం చూశాను. "మెషీన్ పగిలింది. బీపీ చూడలేదు." ఆ వెంటనే, కొత్త మెషీన్ పంపమని పై ఆఫీసుకు ఉత్తరం రాసింది.