బెంచి గేటు

ఫాక్స్‌బ్రుక్ జూనియర్ ఐస్ హాకీ జట్టులో బ్రాడెన్ వోలోషిన్ రెండో గోల్‌కీపరు. మంచు మీద మొదటి గోల్‌కీపరు రీస్ గోల్ కాస్తుంటే, బ్రాడెన్ ఆటగాళ్ళ బెంచి గేటు కాసేవాడు. తుప్పు పట్టిన దాని గడియని మోకాలితో నొక్కి పైకెత్తితే గానీ రాదు. ఈ విద్యలో తనంతటివాడు సస్కాచెవాన్ రాష్ట్రం మొత్తంలో లేడని అతనే చెప్పుకునేవాడు, ఇంకెవరూ చెప్పరు కనక. జట్టంతా అతన్ని 'గేటు' అనే పిలిచేది.

ఇరవయ్యేళ్ళు నిండాయి. ఈ సీజన్ దాటితే జూనియర్ హాకీ లేదు. యాభై అయిదు మ్యాచులు అయిపోయినా ఒక్క నిమిషం ఆడలేదు. ఒక్కసారి, ఆట ముగిసే హారన్ మోగేదాకా గోల్ ముందు నిలబడాలని అతని కోరిక. చెబితే నవ్వుతారని తనే ముందు నవ్వేసేవాడు.

అతను ఉంటున్న ఇంటావిడ డోరీన్ మాత్రం ప్రతి మ్యాచుకీ వచ్చేది.

"నీ గేటు చూడ్డానికేరా వస్తున్నా," అనేది.

చివరి మ్యాచులో, పది నిమిషాలుందనగా రీస్‌కి తొడ పట్టేసింది. కోచ్ గార్త్ నిట్టూర్చాడు.

"గేటూ, నువ్వెళ్ళు."

బ్రాడెన్ ఆరు షాట్లు ఆపాడు. అందులో రెండు అతనికి తెలియకుండానే తగిలి ఆగాయి. అయినా జట్టు ఒక గోల్ వెనకబడే ఉంది. నిమిషం మిగిలుండగా గార్త్ చెయ్యి ఊపాడు. మెచ్చుకుంటున్నాడనుకుని బ్రాడెన్ కూడా ఊపాడు.

"టాటాలు కాదురా, రమ్మంటున్నాడు," గోల్ వెనక సీట్లలోంచి డోరీన్ గొంతు వినిపించింది. "నీ బదులు గోల్ కొట్టేవాణ్ణి దింపుతాడట."

బ్రాడెన్ ప్రాణం ఉసూరుమంది. అయినా బెంచి దగ్గరికి జారుకుంటూ వచ్చాడు. అతని బదులు ఆటగాడు బెంచి ముందున్న గోడ దూకి వెళ్ళిపోయాడు. కాళ్ళకి లావుపాటి ప్యాడ్లతో బ్రాడెన్ దూకలేడు, గేటేమో తెరుచుకోలేదు. లోపల రీస్ గడియతో కుస్తీ పడుతున్నాడు. దాని కిటుకు తెలిసినవాడు ఒక్కడే, ఆ ఒక్కడూ బయట ఉన్నాడు. బ్రాడెన్ పైనుంచి చెయ్యి దూర్చి తంటాలు పడుతుండగా వెనక జనం గోలగోల చేశారు. స్కోరు సమమైంది. ఆ గోల్ కూడా అతను చూడలేదు.

"ఇంకా ఇక్కడేం చేస్తున్నావు? గోల్ దగ్గరికి పో," అన్నాడు గార్త్.

బ్రాడెన్ రీస్ వైపు వంగాడు. "మోకాలితో నొక్కి పైకెత్తు. ఈసారి పిలిచినా నేను రాను."

ఆట అదనపు సమయానికి వెళ్ళింది, అందులో ముందు గోల్ కొట్టినవాళ్ళదే గెలుపు. అది నలభై సెకన్లు నడిచింది. పక్, ఆ నల్ల రబ్బరు బిళ్ళ, అతని కాళ్ళ మధ్యనుంచి తాపీగా గోల్‌లోకి వెళ్ళింది. హారన్ మోగింది. అప్పటిదాకా నిలబడ్డాడు, ఆ తర్వాత కూడా కాసేపు అక్కడే నిలబడ్డాడు. ఏడుపొచ్చింది.

తల వంచుకుని బెంచికి వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. రీస్ కుంటికాలితోనే దాన్ని ఆపి పట్టుకున్నాడు.

"లోపలికి రా, బ్రాడెన్," అన్నాడు.