గీత తీసేశాక

చేతి మీద అంకె పోవడం లేదు. జయకుమారి బాల్కనీలో నిలబడి స్పిరిట్ దూదితో రుద్దుతూనే ఉంది. నిన్న తెల్లవారుజామున నోయిడాలో ఈతకొలను గట్టు మీద నల్ల మార్కరుతో రాసిన 214 చర్మంలోకి దిగి కూర్చుంది. పక్కన కరెంటు పొయ్యి మీద గుడ్డు ఉడుకుతోంది. ఆ పొయ్యి, ఆ గిన్నె, గుడ్డు పెట్టే ప్లాస్టిక్ ప్లేటు, ఆమె టీ గ్లాసు అన్నీ బాల్కనీ గూట్లోనే ఉంటాయి. వంటింటి గడప తొక్కవు. ఢిల్లీ జనక్‌పురిలో మూడో అంతస్తులో ఉన్న ఈ ఇంట్లోకి గుడ్డు డాక్టరు చెబితే వచ్చింది. నర్సు జయకుమారీ అంతే. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. గూడు చూపించారు. మర్యాదగా చూపిస్తే అది అంటరానితనం కాదనుకునేవాళ్ళు ఈ దేశంలో కోట్లమంది.

"జయా! ఎక్కడ చచ్చావు?"

వెంకటసుబ్బయ్య కేక. ఎనభై దాటిన ఒళ్ళు, అరిగిపోయిన గుండె, ముక్కులో ఆక్సిజన్ గొట్టం. గొంతు మాత్రం ఇంకా ప్రభుత్వాఫీసులో సెక్షను ఆఫీసరుదే.

"వస్తన్నా అంకుల్!"

"పందెం నిన్న అయింది. పొద్దున్నుంచీ నోరు విప్పవేం? మా అమ్మాయి హైమ ఆఫీసుకు పోయిందిగా, ఇప్పుడు చెప్పు. పతకం ఏదీ?"

జయకుమారి పొయ్యి కట్టేసి లోపలికి వచ్చింది. పతకం లేదు. ఇకముందు పందెమూ లేదు. నిన్న సాయంత్రమే సైకిలు తీసుకెళ్ళి, దాన్ని అరువిచ్చిన చర్చి కుర్రాడు స్టీవ్‌కి అప్పజెప్పి, "ఇంక నావల్ల కాదయ్యా" అని వచ్చేసింది. కానీ ఈయనకెట్లా చెప్పడం? ఆమె మధ్యాహ్నాలు మెట్లు ఎక్కి దిగుతుంటే తలుపు బార్లా తెరిపించుకుని, మంచం మీంచి "ఇంకొక్కసారి!" అని రొప్పుతూ అరిచిన మనిషి. జన్మంతా కుర్చీలో కూర్చుని ఫైళ్ళు కదిపాడు. కాళ్ళు పడిపోయాక పరుగు పిచ్చి పట్టింది.

"ముందు ఒళ్ళు తుడవనీయండి. తుడుస్తా చెప్తా."

గోరువెచ్చని నీళ్ళలో తువాలు ముంచి వీపు తుడుస్తూ ఈత చెప్పింది. ట్రయథ్లాన్ అంటే ముందు ఈత, ఒంటి తడి ఆరకుండానే సైకిలు, దిగీ దిగగానే పరుగు. గట్టు మీద ఆడవాళ్ళందరూ ఒంటికి అతుక్కునే ఖరీదైన సూట్లలో ఉన్నారు. రేపల్లె కాలువలో గేదె తోక పట్టుకుని ఈత నేర్చుకున్న నలభై ఏళ్ళ జయకుమారిని చూసి ఒక అమ్మాయి, "ఆంటీ, ఆర్ యూ ష్యూర్?" అంది.

"నువ్వేమన్నావు?"

"ఏమంటా? దూకా! ఆ పిల్ల నా కాళ్ళ నురగ తాగతా వెనకాల వచ్చింది. ఆడోళ్ళలో మూడోదాన్నంకుల్, నీళ్ళలోంచి లేచేసరికి!"

"శభాష్!" ముసలాయన తువాలు లాక్కుని మంచాన్ని చరిచాడు. నీళ్ళు ఇద్దరి మీదా చిందాయి.

తర్వాత కాళ్ళ కసరత్తు. అతని మోకాళ్ళు పట్టుకుని ఒకటి మడిచి ఒకటి చాపుతూ సైకిలు చెప్పింది. ఎదురుగాలి. కళ్ళలో దుమ్ము. పక్కనుంచి సర్రున దూసుకుపోయే సన్నటి చక్రాలు.

"తొక్కు! గాలికి తల వంచి తొక్కు!" అని అతను అరిచాడు. తన కాళ్ళే తొక్కుతున్నట్టు మడమలు బిగబట్టాడు. ఆమె చేతులకు ఆ ఎముకల కాళ్ళ బలం నిజంగానే కాస్త తగిలింది. కొసన ఇద్దరికీ ఆయాసం. ఆమె ఆక్సిజన్ కొంచెం పెంచింది.

"ఇంక పడుకోండి."

"పరుగు?"

మధ్యాహ్నం దాకా దాటవేసింది. గుడ్డు ప్లాస్టిక్ ప్లేటులో పెట్టి తెచ్చేసరికి అతను నిద్రపోలేదు, కాచుకుని ఉన్నాడు.

"పరుగు చెప్పవేం? ఓడావా?"

ఆ మాట సూటిగా తగిలింది. ఆమె కూడా సూటిగానే చెప్పేసింది. పరుగు మొదలెట్టగానే కళ్ళు బైర్లు కమ్మాయి. కాళ్ళు తనవి కావు. నడిచింది. కూర్చుంది. లేచింది. ఆమె చేరేసరికి నిర్వాహకులు తోరణం విప్పేశారు, ముగింపు గీత గుడ్డ చుట్టేశారు, మంచినీళ్ళ బల్ల ఎత్తేశారు. వెనకబడ్డవాళ్ళ కోసం ఆగే పందెం ఈ ఊళ్ళో ఎక్కడుంది గనక! కాగితం గ్లాసులు ఊడుస్తున్న ఆవిడ ఒక్కతే తలెత్తి, "దీదీ, ఖతమ్ హో గయా" అంది, అంతా అయిపోయిందని.

"మేరా నహీ హువా" అని, నాది ఇంకా అవలేదని చెప్పి, గీత ఉన్న చోటు అడిగి, దాటి, అక్కడే కూలబడింది.

వెంకటసుబ్బయ్య ఆమె కేసి తల తిప్పాడు. "ముందురోజు ఏం తిన్నావు?"

"ఏం తినలా."

"ఏం?"

"శనివారం చర్చిలో నా పందెం కోసం ఉపవాస ప్రార్థన పెట్టారంకుల్. అందరూ నాకోసం పస్తుంటే నేనెట్లా తింటా? రాత్రికి టీ తాగి పడుకున్నా."

ముసలాయన నోరు తెరిచాడు. మరుక్షణం పగలబడి నవ్వాడు. గొట్టం ఊడింది, కళ్ళ వెంట నీళ్ళు. "ఓసి పిచ్చిదానా! నా చేత కళ్ళు మూయించి మరీ గుడ్డు మింగిస్తావు, నువ్వు ఖాళీ కడుపుతో పరిగెత్తావా? నిన్ను ఓడించింది వాళ్ళు కాదే, మీ చర్చి అయ్యగారు!"

"పాపం, ఆయన కూడా పస్తే ఉన్నారు!" అనేసి, గొట్టం మళ్ళీ పెడుతూ ఆమె కూడా నవ్వింది. నిన్నటి నుంచీ నవ్వడం అదే మొదటిసారి.

"మళ్ళీ ఎప్పుడుంది?"

"అక్టోబరులో అంట."

"పేరిచ్చెయ్. ఈసారి తిని పరిగెత్తు. అది ఇటు ఇవ్వు." గుడ్డు తీసుకున్నాడు. బల్ల మీద బోర్లించి ఉన్న తన అన్నం కంచాన్ని తిప్పి, గుడ్డు అందులో వేశాడు. ఇన్నాళ్ళూ ఆ కంచంలో గుడ్డు పడలేదు. "ఇది నీది. నేను ఒలుస్తా. పోయి ఉప్పు పట్రా."

"మీకు ఒలవడం వచ్చా?"

"వెధవ గుడ్డు! ఫైళ్ళ కన్నా కష్టమా?"

గూట్లోంచి ఉప్పు తెచ్చేసరికి అతని తల దిండు మీద పక్కకు వాలి ఉంది. నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఆమె మణికట్టు పట్టుకుంది, మెడ దగ్గర వేళ్ళు ఆనించింది. నర్సుకు తెలిసిపోతుంది. అయినా మళ్ళీ చూసింది. గొట్టం తీసింది, కళ్ళు మూసింది, దుప్పటి సర్దింది. కూతురు హైమవతికి ఫోను చేసి, "రండమ్మా, అంకుల్ వెళ్ళిపోయారు" అంది.

ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, తన చేతి మీద మసకబారిన 214 కేసి చూస్తూ స్టీవ్‌కి ఫోను చేసింది.

"సైకిలు ఎవరికీ ఇవ్వమాకు."

బల్ల మీద, అంచున వెంకటసుబ్బయ్య అని పేరు చెక్కిన స్టీలు కంచంలో, సగం ఒలిచిన గుడ్డు ఉంది. తెల్లసొన మీద అతని బొటనవేలి గోరు దిగిన గాటు.