రెండో భాగం కోసం చిట్టీ

లచ్చవ్వ జీవితంలో చదివిన మొదటి లావు పుస్తకం ‘గడపల రాజ్యం’ అనే నవల. అందులో కథ ఇంకో వందేళ్ళకు జరుగుతుంది. ఆ రాజ్యంలో ఆడది గడప దాటాలంటే ఇంటి పెద్ద దగ్గర చిట్టీ తీసుకోవాలి. పెళ్ళినాడే పేరు తీసేసి నంబరు పెడతారు. అందరూ తిన్నాక మిగిలింది తినాలి. నవ్వొస్తే తలుపేసుకొని నవ్వాలి. చదువు ముట్టకూడదు. ‘చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది’ అని అట్ట మీద అచ్చు వేశారు.

లచ్చవ్వ ఉండే కొత్తవాడలో ఎవరి ఒళ్ళూ జలదరించలేదు.

మొగుడు పోయిన నాటి నుంచి లచ్చవ్వ బావ రాజలింగు ఇంట్లోనే ఉంటున్నది. రాజలింగు జంపఖానాలు నేస్తాడు. ఆమె ఆయన మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. వెంట్రుకలు నెరిశాక రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకొని, హన్మకొండ లైబ్రరీలో కార్డు తీసుకున్నది. మధ్యాహ్నం పూట వాడకట్టు ఆడవాళ్ళు రాట్నాలు తెచ్చుకొని రాజలింగు అరుగు మీద కూర్చుంటారు. లచ్చవ్వ చదువుతున్నంత సేపు ఆమె వంతు నూలును మిగతావాళ్ళు పంచుకొని చుట్టాలి. అది వాళ్ళ ఒప్పందం. పుస్తకం బాగాలేకపోతే నూలు ఆమె ఒళ్ళోకి తిరిగొస్తుంది. అంతకు ముందు పుణ్యక్షేత్రాల పుస్తకమొకటి తెస్తే, కాశీ చేరకముందే నూలు వాపసొచ్చింది.

‘గడపల రాజ్యా’నికి మాత్రం మొదటి నాడే గిరాకీ కుదిరింది.

“పేరు తీసేసి నంబరు పెడతరట,” అని చెప్పింది లచ్చవ్వ.

“నయమే,” అంది పక్కింటి మొగిలమ్మ. “మా ఆయనైతే ‘ఏయ్’ అంటడు. పెండ్లైనకాడినుంచి గదే నా పేరు. నంబరుంటే నన్నే పిలుస్తాండని సమజైతుండె.”

“మగోళ్ళు తిన్నంక మిగిలింది తినాలెనట.”

“మిగుల్తదని రాసిండా?” అని అడిగింది మల్లవ్వ. ఆమె రాజలింగు భార్య, లచ్చవ్వకు పెద్ద తోటికోడలు. “మిగుల్తె మంచి రాజ్యమేనే.”

“నవ్వొస్తె తలుపేసుకోవాలెనట.”

“తలుపున్న అర్ర ఇస్తరా ఒక్కొక్కలకు?” అన్నది సుగుణ. మల్లవ్వ కోడలు ఆమె. మొగుడు భీవండిలో పవర్‌లూమ్ మీద ఉంటే, ఈమె అత్తగారింట్లో గిన్నెలకూ కండెలకూ మధ్య ఉన్నది.

మొగిలమ్మకు ఒక సందేహం వచ్చింది. “ఇది ఎప్పటి ముచ్చట లచ్చక్కా?”

“ఇంక వందేండ్లకట.”

మొగిలమ్మ రాట్నం ఆపింది. “వందేండ్లకు గూడ గిట్లనేనా?”

లచ్చవ్వ పేజీ తిప్పింది. రాట్నం మళ్ళీ తిరిగింది.

కథలో నూటఏడో నంబరామె చాటుగా చదువు నేర్చి, తన చిట్టీ తనే రాసుకొని, పట్నం దర్వాజ దాకా వస్తుంది. కావలివాడు ఆ చిట్టీని దీపానికి అడ్డం పెట్టి చూస్తుంటాడు. అక్కడికి మొదటి భాగం అయిపోయింది.

“అయిపోవుడేంది?” అంది మల్లవ్వ. “ఆమెను ఆడ నిలవెట్టి అయిపోతదా?”

“రెండో భాగం లైబ్రరీల ఉన్నదక్కా.”

“అయితే పోయి తే. గప్పటిదాక నీ నూలు నువ్వే చుట్టుకో.” అందరూ ఎవరు పంచుకున్న నూలు వాళ్ళు లచ్చవ్వ ముందు పడేశారు.

ఆ గొడవకు లోపల మగ్గం ఆగింది. రాజలింగు బయటికొచ్చాడు. కండెలు అందక ఆయన పొద్దుటి నుంచి చికాకుగా ఉన్నాడు.

“ఏం పుస్తకమది? కండెలు బందువెట్టి ఇనెటంత గొప్పదా? సదువు, నేనూ ఇంట. ఇన్నంకనే ఈ సదువుడు బందువెడత.”

రాజలింగుకు చదువు రాదు. అంకెలు మాత్రం గుర్తుపడతాడు. లచ్చవ్వ పుస్తకం తెరిస్తే, ఆ రాజ్యం పెద్దలు నియమాలు చాటించే అధ్యాయం వచ్చింది. ఆయన గోడకు ఆనుకొని కళ్ళు మూసుకొని, పురాణం విన్నట్టు మొత్తం విన్నాడు. అయిపోయాక చేతులు జోడించాడు.

“ఎవలు రాసిండ్రో గాని, ఇల్లు నడిపినోడే రాసిండు.”

“బావా, గది మంచిదని రాయలె,” అంది లచ్చవ్వ నేల చూస్తూ. “ఆడోళ్ళ గోస చెప్పెటందుకు రాసిండు.”

“గోసేమున్నదిండ్ల? అంతా కాయిదా ప్రకారం, నియమం తప్పకుండ ఉన్నది.”

మర్నాడు ఆయన చౌరస్తాకు పోయి స్టాంపు ప్యాడు కొనుక్కొచ్చాడు. ఇక నుంచి ఇంట్లో ఆడవాళ్ళు అరుగు దిగాలంటే చిట్టీ ఉండాలన్నాడు. పేరు తీసెయ్యడం వద్దన్నాడు, అంకెలు పెడితే ఎవరిది ఏదో తనే మరిచిపోతాడని. చదువు ముట్టకూడదన్న నియమాన్నీ వదిలేశాడు. చిట్టీలు రాయడానికి ఇంట్లో లచ్చవ్వ తప్ప ఇంకెవరూ లేరు. ఆమె రాయాలి, ఆయన బొటనవేలు ఒత్తాలి.

“మంచి పుస్తకమే తెచ్చినవ్,” అంది మల్లవ్వ. “తేలును కొంగుల కట్టుకొని తెచ్చి ఇంట్ల ఇడిచినవ్.”

“జర మా ఆయనకు చెప్పకుండ్రి,” అంది మొగిలమ్మ. “మా ఇంట్ల రాసెటోళ్ళు గూడ లేరు.”

లచ్చవ్వ మొదటి చిట్టీ తన కోసమే రాసుకున్నది. మగ్గం దగ్గరికి పోయి నిలబడింది. “బావా, లైబ్రరీకి పోవాలె. రెండో భాగం కోసం.”

“కాయిదాలన్నీ మొదటి దాంట్లనే ఉన్నయి గద. రెండోది దేనికి?” అని రాజలింగు వేలు ఒత్తలేదు.

ఆమె ఆ కాగితాన్ని మడిచి పొయ్యిలో వేసింది. అరుగు మీద రాట్నాలు గరగరమంటూనే ఉన్నాయి గాని వాటి మధ్య ఆమె గొంతు లేదు. ఆమె వేళ్ళు నూలు తిప్పుతుంటే మనసు మాత్రం ఆ దర్వాజ దగ్గర, కావలివాడి చేతిలోని కాగితం మీద నిలబడిపోయింది. ఈలోగా ఎవరైనా రెండో భాగం పట్టుకుపోతే? పోయిన పుస్తకాలు అన్నీ తిరిగి రావని లైబ్రరీలో ఒకాయన చెప్పగా విన్నది. అక్షరాలు నేర్చుకున్నది ఒకామెను దర్వాజ దగ్గర నిలబెట్టడానికా అనిపించింది.

సుగుణ ఒకనాడు బిందె పట్టుకొని వచ్చింది. “చిన్నత్తా, నల్లా కాడికి చిట్టీ.”

లచ్చవ్వ రాసింది. సుగుణ మగ్గం దగ్గరికి పోయింది. రాజలింగు చేతిలోని నాడె వదిలి, ప్యాడు తెరిచి, వేలు ఒత్తాడు. సుగుణ నీళ్ళు తెచ్చింది. గోలెం నిండలేదు.

“చిన్నత్తా, ఇంకో బిందెకు.”

“మొదటి చిట్టీ ఉన్నది గద బిడ్డా?”

“అది మొదటి బిందెది.”

లచ్చవ్వ ఆమె ముఖంలోకి చూసింది. సుగుణ ముఖంలో ఏమీ లేదు. లచ్చవ్వ ఇంకోటి రాసింది.

మల్లవ్వ పిండిగిర్నీకి ఒకటి తీసుకొని పోయి, జల్లెడ మరిచిపోయానని తిరిగొచ్చి ఇంకోటి తీసుకున్నది. రేషన్ షాపుకు ఒకటి, షాపు మూసుంటే మళ్ళీ పోవడానికి ఒకటి. పెరట్లోని మేక సందులోకి పోయింది. చిట్టీ తయారయ్యేలోపు అది మొగిలమ్మ కంది చెట్లు తిన్నది. మొగిలమ్మ వచ్చి సందులో నిలబడి తిట్టింది. అరుగు దిగి జవాబు చెప్పడానికి మల్లవ్వ చిట్టీ అడిగింది. ఇంత చక్కగా నియమం పాటించే ఇల్లు ఆ నవలలో కూడా లేదు.

రాజలింగు ఒక పోగు వేసేలోపు రెండు చిట్టీలు వచ్చేవి. అయినా కోప్పడలేదు. నియమం పెట్టింది తనే కదా.

నేతవాళ్ళ సొసైటీ నుంచి గట్టయ్య సరుకు చూడడానికి వచ్చాడు. జంపఖానా విప్పి, అరుగు మీద పరిచి, చాలాసేపు వంగి చూశాడు.

“రాజలింగన్నా, ఇదేం డిజైన్?”

ఎర్ర చారలకూ పచ్చ చారలకూ మధ్య ఉన్న తెల్ల చార మీద నీలం మచ్చలు వరసగా ఉన్నాయి. గీతలు గీతలుగా, పువ్వుల్లాగ.

“డిజైన్ కాదు. నా ఏలు.”

“ఏలా?”

“బొటనేలు.”

“మంచిగనే వడ్డది,” అన్నాడు గట్టయ్య. “గని సొసైటీకి నీ ఏలు అక్కరలేదు.” జంపఖానాను చుట్టి రాజలింగు ఒళ్ళో పెట్టి పోయాడు.

రాజలింగు దాన్ని ముందేసుకొని కూర్చున్నాడు. సున్నం రాశాడు, సబ్బు రుద్దాడు, నిమ్మకాయ పిండాడు. మచ్చలు ఇంకొంచెం వెడల్పయ్యాయి. మల్లవ్వ నల్లా నీళ్ళు తెచ్చి సాయం చేస్తానన్నది, చిట్టీ ఇస్తే.

ఆయన లచ్చవ్వను పిలిచాడు.

“ఒక్కటే చిట్టీ రాయి. ఇంట్ల ఆడోళ్ళందరికి. యాడికి పోవాలన్నా. ఎప్పటికైనా.”

లచ్చవ్వ రాసింది. రాసింది రాసినట్టు చదివి వినిపించింది: “రాజలింగు ఇంట్లోని ఆడవాళ్ళు ఎక్కడికైనా, ఎప్పుడైనా పోవచ్చు.”

“కాయిదా తీసెయ్యలె,” అన్నాడు రాజలింగు వేలు ఒత్తుతూ. “చిట్టీలు తక్కువ చేసిన, గంతే.”

“గంతే బావా.”

లచ్చవ్వ ఆ పూటే హన్మకొండ బస్సెక్కింది. చిట్టీని కొంగున ముడేసుకున్నది గాని దారి పొడుగునా ఎవరూ అడగలేదు. రెండో భాగం అరలోనే ఉన్నది, దుమ్ము పట్టి. మొదటి దాని తర్వాత దీన్ని ఎవరూ తీసుకున్నట్టు లేదు. ఆమె బీరువా పక్కన నిలబడి, ఓపిక పట్టలేక, నేరుగా చివరి పేజీ తెరిచింది. కూడబలుక్కొని చదివింది. ఆడవాళ్ళంతా ఆ దర్వాజ దాటి పోయారు. పట్నంలో మగవాళ్ళు మాత్రమే మిగిలి, ఎవరి బియ్యం వాళ్ళు కడుక్కుంటున్నారు. రాళ్ళు ఏరాలని ఎవరికీ తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం అరుగు నిండింది. చోటు చాలక మొగిలమ్మ మెట్టు మీద కూర్చున్నది. లచ్చవ్వ గొంతు సవరించుకుంటుంటే లోపల మగ్గం చప్పుడు ఆగింది. రాజలింగు వచ్చి, తలుపు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. బొటనవేలు ఇంకా నీలంగానే ఉన్నది.

“నూటఏడో నంబరామె ముచ్చట నాకద్దు,” అన్నాడు. “ఆ రాజ్యంల పెద్దమనుషులున్నరు సూడు, కాయిదాలు వెట్టినోళ్ళు. వాళ్ళకేమైతది?”

ఆడవాళ్ళంతా లచ్చవ్వ వైపు చూశారు.

“నేనింక ఆడిదాక పోలె బావా,” అని లచ్చవ్వ మొదటి పేజీ తెరిచింది.