తెరమీది వేలు

కిటికీలకు గొంగళ్లు కడితే చీకటైతే అవుతుంది కానీ గాలి ఆడదు, ఈ మాట రఘుపతికి ముందే చెప్పాల్సింది, సొసైటీ అధ్యక్షుడు కదా, ఒక కిటికీ వదిలేవాడేమో, వదిలితే మధ్యాహ్నపు ఎండ తెరమీద పడి బొమ్మ చెరిగిపోతుంది, చెరిగిపోతే బాగుండునని నాకెందుకు అనిపిస్తోంది, నేను వచ్చింది ఆ బొమ్మకు మాట చెప్పడానికే, నూలుకు కొత్త రంగులు అద్దే పద్ధతి చూపించే సినిమా, మాటలన్నీ ఇంగ్లీషులో, అద్దకం పనిచేసే ఆడవాళ్లకు తెలుగులో వివరించమని సమితి ఆఫీసు నుంచి కబురు, బడిపంతులు వద్దనకూడదు, రేపటి నుంచి వీళ్లంతా ఈ షెడ్డులోనే కాస్టిక్ సోడా కలిపిన నీళ్లతో పని మొదలుపెడతారు, పోయినేడు ఇదే సినిమా ఇక్కడే వేశారు, అప్పుడు వివరించేవాళ్లు లేరు, నేను జడ్చర్లలో ఉపాధ్యాయుల శిక్షణలో ఉన్నాను, నా తమ్ముడు గండయ్య చూశాడు, చూసిన కొన్నాళ్లకే ఆ నీళ్లు నోట్లో పోసుకున్నాడు, గొంతు లోపలంతా కాలి ముడుచుకుపోయింది, దవాఖానలో చివరికి పాలు కూడా దిగలేదు, పోయాడు, వద్దు, ఇప్పుడు వద్దు, తెర వైపు చూడు.

బయట జీపు పక్కన జనరేటరు దడదడ కొట్టుకుంటోంది, ఆపరేటరు ఇస్రాయేలు రీలు ఎక్కిస్తూ తలలు దించుండ్రి అమ్మా, మీ కొప్పుల నీడనే సినిమా అయితాంది అంటున్నాడు, ఆడవాళ్లు నవ్వుతున్నారు, మల్లమ్మ నవ్వడం లేదు, గండయ్య భార్య, గోడవార ఒక్కతే కూర్చుంది, ఆమె పక్కన మనిషి పట్టేంత జాగా ఉన్నా ఎవరూ జరగరు, వాడు తాగిన పొద్దున మొగుడూ పెళ్లాలు కొట్లాడుకున్నారట, అందుకే తాగాడట, డబ్బా మీద పుర్రె బొమ్మ ఉంటే చూడనివాడా, చిన్ననాటి నుంచి అద్దకం చేసినవాడు తెలియక తాగుతాడా అని ఊరంతా అంటుంది, నేను అవుననలేదు, కాదనీ అనలేదు, కాదనడానికి నా దగ్గర ఏముంది, మా ఇళ్లలో కారం నీళ్లు రుచి చూడటం ఎప్పటి నుంచో ఉన్నదే, ఆముదపు కాయల పొట్టు కాల్చి ఆ బూడిద నానబెట్టిన నీళ్లు, నాలుక చురుక్కుమంటే నూలుకు పనికొస్తాయని లెక్క, ఆడవాళ్లు వేలు ముంచి చూస్తారు, గండయ్య మాత్రం కొబ్బరి చిప్పతో తీసుకుని నోట్లో తిప్పి ఊసేసేవాడు, అన్నా, వేలికేం తెలుస్తది, నాలుక అబద్ధమాడదు అనేవాడు, కానీ అవి బూడిద నీళ్లు, ఇవి డబ్బా నీళ్లు, ఆ తేడా తెలియనివాడా, తెలిసే తాగితే మరి ఎందుకు తాగాడు, నాతో ఒక్క మాటైనా అనలేదే.

తెర తెల్లబడింది, రీలు కరకరమంటోంది, నేను చెబుతున్నాను, ఇది తొట్టి, ఇవి చల్లని నీళ్లు, ముందు నీళ్లు పోసి తర్వాతే కాస్టిక్ వేయాలి, నా గొంతు నాకే ఎవరిదోలా వినిపిస్తోంది, పోయినేడు గండయ్య ఎక్కడ కూర్చుని ఉంటాడు, ముందు వరసలోనే కూర్చుని ఉంటాడు, కొత్త పనంటే వాడికి పండగ, తెరమీద తొట్టి దగ్గరికి వచ్చింది, ఒక నల్లని చెయ్యి వచ్చింది, వేలు నీళ్లలో ముంచింది, బొటనవేలితో రుద్దింది, జారుడుగా ఉంటే సరిపోయినట్లు అని ఇంగ్లీషు గొంతు చెబుతోంది, చెయ్యి పైకి లేచి తెర దాటిపోయింది, వెంటనే ఒక మొహం, పెదవులు కదుపుతూ, తల ఊపుతూ, నవ్వుతూ, ఇంతలో చీకట్లోంచి అద్దకంలో అందరికన్నా పెద్దదైన ఉప్పలమ్మ గొంతు, చూసిన్రా, పోయినేటి లెక్కనే మళ్ల రుచి చూసిండు, ఆయనకేమన్నయిందా, నవ్వుతాండు, నేను మొదటి నుంచీ చెప్తనే ఉన్న, సుక్కకు ఏం గాదు, గండయ్య మనసుల పెట్టుకొనే తాగిండు. రుచి చూశాడా, ఎక్కడ, నేను చూడలేదే, నేను రెప్ప వేశానా.

ఇస్రాయేలూ ఆపు, అన్నాను, ఆపితే దీపం వేడికి రీలు కాలుతది సారూ అన్నాడు, అయితే వెనక్కి తిప్పు, ఆ చెయ్యి మళ్లీ వెయ్యి, రఘుపతి గొణిగాడు, పంతులూ, జీపు పొద్దుగూకకముందే మర్రిగూడ చేరాలె, రెండో రీలు సుత ఉన్నది, ఒక్కసారే అన్నాను, మళ్లీ వేశాడు, మళ్లీ నీళ్లు, వేలు, మొహం, ఇప్పుడు చెప్పండి, ఆయన నాలుకకు వేలు పెట్టాడా, పెట్టిండు, పెట్టిండు, నేను చూసిన, నేను గూడ చూసిన, అందరూ ఒక్కటే మాట, నవ్వులాటకు కాదు, నిజంగా చూశామనే అంటున్నారు, నాకు భయం వేసింది, నేనే తప్పేమో, బడిలో పిల్లలు పాఠం విని లేనిదాన్ని ఉన్నదని చెబితే ఏం చేస్తాను, తప్పని కొట్టిపారేస్తే వాళ్లు నోరు మూసుకుంటారు గానీ చూసింది మారదు, ముందు ప్రశ్న ఇవ్వాలి, తర్వాత చూపించాలి, ఇంకొక్కసారి ఇస్రాయేలూ, ఈసారి మొహం చూడకండి అమ్మా, చెయ్యి ఎక్కడిదాకా పోతుందో అదొక్కటే చూడండి, ఎక్కడ కనపడకుండా పోతే అక్కడ నాకు చెప్పండి, గీ సారు మనకు పరీక్ష పెడతాండే అని ఎవరో అన్నారు, ఎవరూ నవ్వలేదు.

చెయ్యి లేచింది, ఇగో పోయింది, ఇగో, అన్నారు ఇద్దరు ముగ్గురు, నోటి దాకా వచ్చిందా, రాలే, తెర అంచు కాడ్నే పోయింది, మరి నోట్లో పెట్టింది ఎవరు, అప్పుడు ఉప్పలమ్మ మెల్లగా, పంతులూ, గది చెయ్యి గాదు, మణికట్టు కాడ ముడతలున్నయి, రబ్బరు తొడుగు, మన చేతుల లెక్క రంగు పట్టిన నలుపే అనుకుంటిమి, తొడుగుతోని ఎవలన్న నాలుక్కి పెడతరా, నవ్వుకుంట మాట్లాడుతాండు గంతే, అంది, అని మల్లమ్మ వైపు తిరిగి, ఇటు రా పిల్లా, గాడ కూసుంటే నీకేం గనపడ్తది అంది, మల్లమ్మ కదల్లేదు, పైట నోటికి అడ్డం పెట్టుకుంది, ఉప్పలమ్మే లేచి వెళ్లి ఆ గోడవార ఆమె పక్కన కూర్చుంది, రఘుపతి రెండో రీలు మాట ఎత్తలేదు, ఆడవాళ్లు తొడుగుల గురించి అడుగుతున్నారు, సొసైటీ ఇస్తదా, చేతికి సరిపోతయా, రుచి చూడకుంట కారం ఎట్ల తెలుస్తది, చెప్పాలి, రుద్ది చూడడం నేర్పాలి, తొడుగు వేసుకుని ఒక్కొక్కరూ చేసి చూపేదాకా రేపు తొట్టి ముట్టొద్దనాలి, చెబుతాను, ఒక్క నిమిషం, ఇంతమంది ఒకేసారి చూశామన్నది తెరమీద లేనే లేదు, చూపు ఆగినచోట అలవాటు మిగతాది పూర్తి చేసింది, వీళ్లకు వేలు అలవాటు కాబట్టి వేలు నాలుకకు తాకింది, నా తమ్ముడికి చిప్ప అలవాటు, వాడు ముందు వరసలో కూర్చుని ఆ నవ్వుమొహం చూశాడు, పెద్దమనిషి రుచి చూసి బాగుందన్నాడు అనుకున్నాడు, పుర్రె బొమ్మ కన్నా కదిలే మనిషినే నమ్మాడు, కొన్నాళ్లకు ఒక పొద్దున ఇంట్లో నీళ్లు కలిపి, సరిగ్గా కుదిరాయో లేదో తెలుసుకుందామని చిప్ప ఎత్తాడు, ఎవరి మీదా కోపంతో కాదు, ఎవరినీ వదిలి పోదామని కాదు, గండయ్య ఆ పొద్దున పని నేర్చుకుంటున్నాడు.