పంటు మీద ఒప్పుకోలు

రాజోలులో ఇంట్లో కూర్చుని లాప్‌టాప్ తెరిస్తే లాగిన్ కాలేదు. బ్లెస్సీ పాస్‌వర్డ్ మళ్లీ కొట్టింది. తెర మీద ఎర్రక్షరాలు: మీ అనుమతి రద్దయింది.

ఆ వెంటనే వీడియో కాల్ వచ్చింది. హైదరాబాదులో ఆమె ఇంటర్న్‌గా చేస్తున్న ఉపగ్రహాల కంపెనీ నుంచి. ఒక పెట్టెలో గైడెన్స్ విభాగం హెడ్ ఉదయ్ కిరణ్, పక్క పెట్టెలో తోటి ఇంటర్న్ దుర్గేష్. ఇద్దరిలో ఒక్కరికే ఉద్యోగం. ఎవరికన్నది నెలాఖరున తేలుతుంది.

"మధ్యాహ్నం టెస్టులో ఉపగ్రహం ఎటు తిరగాలో దానికి ఎదురు దిక్కుకి తిరిగింది," అన్నాడు ఉదయ్ కిరణ్. "నక్షత్రాల్ని చూసి దిక్కు చెప్పే కెమెరా ఫైల్లో ప్లస్ గుర్తు మైనస్ అయిపోయింది. మార్చింది నీ లాగిన్‌తో."

"ఆ ఫైలు నేను ముట్టుకోలేదండి!"

"టెస్టయ్యాక దుర్గేష్ ఫోన్ చేస్తే ఒప్పుకున్నావుగా?"

దుర్గేష్ పంపిన రికార్డింగ్ వినిపించాడు. ఏదో ఇంజిను రొద. దాని మీద దుర్గేష్ గొంతు.

"గుర్తు మార్చింది నువ్వే కదా?"

"ఆయ్."

"కావాలనే చేశావా?"

"ఆయ్... ఆయ్."

ఆ గొంతు తనదే.

వెనక నుంచి ఆమె తండ్రి వరప్రసాదం కెమెరా ముందుకు వంగాడు. రాజోలులో హైస్కూలు హెడ్మాస్టరు. "నమస్కారమండీ. మా వైపు ఆయ్ అంటే వింటున్నాం, చెప్పండి అని కూడానండి. ప్రతిదానికీ అవునన్నట్టు కాదండి."

దుర్గేష్ నవ్వాడు. "అంటే మీ ఊళ్లో ఎవరూ దేనికీ ఒప్పుకోరా అంకుల్?"

"ఆయ్," అనేసి నాలిక కరుచుకున్నాడు వరప్రసాదం.

బ్లెస్సీకి నవ్వు రాలేదు. దుర్గేష్ ఆర్నెల్లుగా ఆమె పక్క కుర్చీలోనే కూర్చుంటున్నాడు. ఏం చెప్పినా ఆయ్ అంటుందని ఆఫీసులో ఆటపట్టించేది అతనే. నిన్న సాయంత్రం మామయ్య కూతురి పెళ్లికని రైలెక్కే హడావుడిలో ఆమె తన సిస్టమ్ లాక్ చేయకుండా వచ్చేసింది. అప్పుడూ అతను పక్కనే ఉన్నాడు.

"ఆ రొద మళ్లీ వినిపించండి సార్."

ఇంజిను దడదడ. మధ్యలో ఎవరో అరుపు: "బండి ఎనక్కి లాగండి బాబూ!"

అది పంటు. నరసాపురంలో రైలు దిగి, గోదావరి దాటడానికి పొద్దున్నే ఎక్కిన, బళ్లని కూడా ఎక్కించుకునే రేవు పడవ. ఆ గోలలో దుర్గేష్ మాట ఒక్కటీ వినపడక, మర్యాదకి ఆయ్, ఆయ్ అంది.

"సార్, టెస్టు టైముకి నేను ఇంట్లో ఉన్నానండి. దుర్గేష్ చేసింది ఈ ఒక్క కాలే, అదీ పొద్దున పంటు మీద ఉండగా వచ్చింది." ఫోన్లో కాల్ లిస్టు తీసి కెమెరాకి చూపించింది.

ఉదయ్ కిరణ్ కాల్ టైము చదివాడు. "దుర్గేష్, పొద్దుటికి అసలు టెస్టే మొదలు కాలేదు. గుర్తు మారిందని నీకెవరు చెప్పారు?"

దుర్గేష్ పెట్టె నల్లబడింది.

ఉదయ్ కిరణ్ ఇంకో ఫోన్ అందుకుని గేటు దగ్గరి సెక్యూరిటీకి చెప్పాడు: "దుర్గేష్‌ని బయటికి పంపకండి. లాప్‌టాప్ తీసుకోండి." తర్వాత బ్లెస్సీ వైపు తిరిగాడు. "నీ లాగిన్ ఇచ్చేస్తున్నా. ఆ గుర్తు సరిచేసెయ్. రేపు మళ్లీ టెస్టు పెడదాం."

"వద్దండి."

"ఏం?"

"నా పేరుతో ఇంకేం మార్చాడో తెలీదండి. ఫైళ్లన్నీ చూసేదాకా టెస్టు పెట్టకండి సార్."

"అన్నీ అంటే నెల దాటుతుంది. నీ ఇంటర్న్‌షిప్ ఈ నెలాఖరుకే అయిపోతుంది."

"అది మీరు చూసుకోవాలండి."

"సరే. ఆ ఉద్యోగం నీదే అనుకుని మొదలుపెట్టు," అన్నాడు ఉదయ్ కిరణ్.

బ్లెస్సీ మొదటి ఫైలు తెరిచింది. చివరగా మార్చినవారు అన్నచోట తన పేరు. తను రాసినట్టే ఉంది. అయినా నమ్మలేదు. మొదటి వరస నుంచి చదవడం మొదలుపెట్టింది.