మూడో గడిలో టిక్కు

ఓలీన్ టాకెట్ రాజధానికి వెళ్లడానికి సెలవు పెట్టిన రోజుకు కూడా ఆమె పేరున ఒక పాయింటు పడింది. కోళ్ల ఫ్యాక్టరీలో అది నియమం. చెప్పి మానినా, చెప్పకుండా మానినా, జ్వరం వచ్చినా, ఇంట్లో చావు జరిగినా, మానిన రోజుకు ఒక పాయింటు. ఏడాదిలో ఎనిమిది పడితే గేటు దగ్గర గుర్తింపు కార్డు అప్పగించి వెళ్లిపోవాలి. ఎముకలు తీసే లైనులో పంతొమ్మిదేళ్లుగా కత్తి పట్టిన ఓలీన్‌కు ఏ ఏడాదీ మూడుకు మించి పడలేదు.

ఈ ఏడాది జిల్లా కోర్టు ఆమెను గ్రాండ్ జ్యూరీకి పిలిచింది. పోలీసులు మోపిన ఏ నేరం విచారణకు వెళ్లాలో, ఏది వెళ్లనక్కరలేదో తేల్చే పదహారు మంది పౌరులలో ఆమె ఒకతె. ఆరు నెలలు, నెలకొక మంగళవారం. హాజరు కాని వారికి జైలు శిక్ష విధించవచ్చునని పిలుపు కాగితం అడుగున పెద్ద అక్షరాలలో ముద్రించి ఉంది. హాజరైనందుకు శిక్షించే యజమానికి ఏమి విధిస్తారో ఆ కాగితంలో లేదు. ఆ రాష్ట్రపు చట్టంలోనూ లేదు. ఓలీన్ నాలుగు మంగళవారాలు వెళ్లింది. నాలుగు పాయింట్లు పడ్డాయి.

ఆ లోటు పూడ్చడానికి వింటన్ ఏమ్స్ అనే శాసనసభ్యుడు ఒక బిల్లు తెచ్చాడు. జ్యూరీకి వెళ్లిన ఉద్యోగిని దండించడం ఇకపై యజమాని చేసిన నేరమవుతుంది. సభకు వెళ్లే ముందు ఆ బిల్లు ఒక కమిటీ ఆమోదం పొందాలి. ఈ కబురు తెలిసి, ఫ్యాక్టరీలో సిబ్బంది వ్యవహారాలు చూసే మిసెస్ ప్రూయిట్ ఓలీన్‌ను గదికి పిలిచింది.

"కమిటీ ఏం చేస్తుందో చూద్దామమ్మా. అందాకా ఆ నాలుగూ పక్కన పెడతాను. బిల్లు బతికితే చించేస్తా. పోయిందనుకో, మళ్లీ ఎక్కుతాయి. నా చేతుల్లో ఏముంది చెప్పు?"

మామూలు పాయింట్లు మూడు. పక్కన పెట్టినవి నాలుగు. రాజధాని ప్రయాణానికి పడ్డది ఎనిమిదోది.

"ఇంట్లో కూచునుంటే ఏడు దగ్గరే ఆగేది కదే," అంది ఫే, కారు నడుపుతూ. మణికట్టు పాడై రెండేళ్ల క్రితం అదే లైను వదిలేసిన స్నేహితురాలు ఆమె. ఓలీన్ ఒళ్లో కాగితంలో చుట్టిన సాసేజ్ బిస్కట్, మాంసం పెట్టిన బన్ను లాంటిది, చల్లారిపోతోంది.

"వచ్చే మంగళవారం మళ్లీ కోర్టుంది. అప్పుడైనా ఎనిమిదే అవుతాయి."

"కోర్టు మానెయ్."

"మానితే జైలు."

"మంచిదేగా. అక్కడ పాయింట్లుండవేమో కనుక్కున్నావా?"

ఓలీన్ తల వంచి చదువుకుంటోంది. ఆమె చేతిలో ఒక అట్టముక్క ఉంది. రెండు నిమిషాలలో చెప్పవలసినదంతా దాని మీద రాసుకుని, వంటింటి గడియారం ముందు పెట్టుకుని వారం రోజులు చదివింది. కమిటీ ముందు మాట్లాడమని ఏమ్స్ స్వయంగా ఫోను చేసి అడిగాడు. "లాయర్ల మాటలు వాళ్లు చాలా విన్నారమ్మా. పనిచేసే మనిషి ఒక్కరు లేచి నాకిలా జరిగిందని చెబితే, ఇద్దరు ముగ్గురైనా మెత్తబడతారు. మీరు రాకపోతే మాత్రం ఆశ లేదు."

శాసనసభ భవనం మెట్ల దగ్గర ఆమెను దించి, కారు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ ఫే వెళ్లిపోయింది. కమిటీ గది తలుపు పక్కన బల్ల మీద కార్డులున్నాయి. మాట్లాడదలచిన వారు పేరు రాసి, మూడు గడులలో ఒకదానిలో టిక్కు పెట్టాలి. అనుకూలం. వ్యతిరేకం. తటస్థం.

ఓలీన్ పెన్ను పట్టుకుని నిలబడిపోయింది. జ్యూరీ మొదటి రోజున ఆమె చెయ్యెత్తి, ఏ పక్షానికీ మొగ్గనని ప్రమాణం చేసింది. ఆ ప్రమాణాన్ని కోర్టు గుమ్మంలో విడిచి వెళ్లవద్దని, ఆరు నెలలు ముగిసేదాకా బజారులోనైనా చర్చిలోనైనా అది వెంట ఉంటుందని జడ్జి చెప్పాడు. చుట్టూ ఉన్నవారు ఆ మాటను మర్యాదకు విన్నారు. ఓలీన్ నిజంగా విన్నది. మూడో గడి కింద సన్నని అక్షరాలలో "వాస్తవాలు తెలుపుటకు మాత్రమే" అని ఉంది. తాను వచ్చినది సరిగ్గా అందుకే. ఆమె ఆ గడిలో టిక్కు పెట్టి, కార్డును గుమాస్తాకు ఇచ్చి, వెనుక వరుసలో కూర్చుంది.

బిల్లును వివరించడానికి ఏమ్స్‌కు మూడు నిమిషాలు దొరికాయి. చివరన అతడు గది అంతా కలయజూసి, "నాతో ఒక కార్మికురాలు వచ్చారు, ఆవిడ చెబుతారు," అన్నాడు.

కమిటీ అధ్యక్షుడు స్టాగ్ కార్డులు తిరగేశాడు. "అనుకూలం కార్డు ఒక్కటీ లేదు ఏమ్స్ గారూ. మీ కార్మికురాలు దారి తప్పినట్టున్నారు."

వ్యతిరేకంగా పదకొండు కార్డులున్నాయి. కోళ్ల పరిశ్రమ సంఘం తరఫున వచ్చిన లాయరు ఎంతో సౌమ్యంగా మాట్లాడాడు. జ్యూరీ సేవ అంటే తమకు ఎనలేని గౌరవమన్నాడు. అయితే ఒక గుమాస్తా పొరపాటున ఒక అంకె వేస్తే, పిల్లాపాపలున్న మేనేజరును చేతికి బేడీలు వేసి తీసుకుపోవడం ఈ సభకు సమ్మతమేనా అని అడిగాడు. పిల్లాపాపలున్న జ్యూరరును జైలుకు పంపవచ్చునన్న సంగతి అతడికి గుర్తు చేసినవారు లేరు. అతడి తరువాత మరో పదిమంది అదే మేనేజరును గురించి అంతే జాలిగా మాట్లాడారు.

"ఇక తటస్థం ఒకటుంది," అన్నాడు స్టాగ్. "టాకెట్ అట. పన్నెండు కావస్తోంది, భోజనం చల్లారిపోతుంది. ఎటూ తటస్థులు కదా, బాధపడరులెండి."

గదిలో నవ్వులు లేచాయి. ఆ పేరు విని ఏమ్స్ చెయ్యెత్తాడు గాని స్టాగ్ అటు చూడలేదు. ఓలీన్ సగం లేచింది. జ్యూరీ గదిలో అడిగినప్పుడే మాట్లాడాలన్నది ఆమె నేర్చుకున్న మర్యాద. అడుగుతారేమోనని చూసింది. ఎవరూ అడగలేదు. కూర్చుంది.

కమిటీ బల్ల చివర కూర్చున్న ఒక వృద్ధ సభ్యురాలు, బిల్లును సభకు పంపాలని ప్రతిపాదించింది.

"బలపరిచేవారు?" అని స్టాగ్ అడిగాడు.

మిగిలిన ఏడుగురు సభ్యులు కాగితాలు చూసుకున్నారు. ఒకాయన కళ్లజోడు తుడుచుకున్నాడు.

"లేరు. ప్రతిపాదన వీగిపోయింది." చేతిలోని చెక్క సుత్తి ఒకసారి బల్లను తాకింది. ఒక్క ఓటైనా పడలేదు గనుక, ఆ బిల్లును ఎవరు చంపారో ఏ రికార్డులోనూ ఉండదు.

నడవలో ఏమ్స్ ఆమెను పట్టుకున్నాడు. "ఉన్నారు కదమ్మా ఇక్కడే. తటస్థమని ఎందుకు పెట్టారు?"

"ప్రమాణం చేశాను కదండీ. జూన్ దాకా ఏ పక్షానికీ మొగ్గకూడదన్నారు జడ్జి గారు."

"అది కోర్టులో కేసుల మాటమ్మా. దీనికీ దానికీ ఏం సంబంధం?"

"ఆయన అలా విడదీసి చెప్పలేదండి."

ఏమ్స్ తన కాగితాలు సంచిలో సర్దుకున్నాడు. మళ్లీ సమావేశాలు రెండేళ్లకు. అప్పుడు ప్రయత్నిద్దామన్నాడు. ఎన్నికల్లో మళ్లీ గెలిస్తేనే కదా అని తానే అని, చెయ్యి కలిపి వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర ఎదురొచ్చిన ఫే ఆమె ముఖం చూసి కారు వైపు నడిచింది. కారెక్కాక, "ఆ బిస్కట్ అయినా తిను," అంది.

మర్నాడు గేటు దగ్గర మిసెస్ ప్రూయిట్ ఓలీన్ గుర్తింపు కార్డు తీసుకుంది. "నాకు మాత్రం ఇష్టమా చెప్పు? ఎనిమిదంటే ఎనిమిదే. కారణం జ్యూరీ అని రాయలేదులే, హాజరు లోపం అని రాశాను. రేపు ఎక్కడైనా పనికి అడిగితే నీకే మంచిది." ఓలీన్ జుట్టు వల తీసి, మడిచి, కార్డుతో పాటు ఇచ్చేసింది.

మంగళవారం ఆమె కోర్టుకు వెళ్లింది. వెళ్లకపోవడం నేరం గనుక. తొమ్మిది కేసులు విన్నారు. సూపర్ మార్కెట్లో మాంసం ప్యాకెట్లు కోటు కింద దాచిన ఒక ముసలివాడిని విచారణకు పంపాలా అన్నప్పుడు, సాక్ష్యం ఉంది గనుక ఓలీన్ చెయ్యెత్తింది. విరామంలో పక్క కుర్చీలోని ట్రాక్టర్ల దుకాణం యజమాని, పని పోయిందని విని, తల పంకించాడు.

"పోనీలెండి. ఇక మీకు ఇబ్బంది లేదు. ఎన్నిసార్లు పిలిచినా హాయిగా రావచ్చు."

సాయంత్రం గుమాస్తా ఎప్పటిలాగే ప్రతి ఒక్కరికీ హాజరు చీటీ రాసి ఇచ్చాడు. ఓలీన్ చీటీ మీద అలవాటు కొద్దీ ఫ్యాక్టరీ పేరే రాశాడు. "మీ మేనేజరుకు చూపించండి, పని దగ్గర ఏ ఇబ్బందీ ఉండదు," అన్నాడు.

ఆమె దాన్ని దిద్దమనలేదు. పాత నాలుగు చీటీలతో కలిపి చేతిసంచిలో పెట్టుకుని, వచ్చే నెల తేదీ అడిగి రాసుకుంది.